రంగు మార్చిన డయల్ ఉన్న హెచ్‌ఎంటీని మన దేశపు అపురూప వస్తువు అనవచ్చునా?

జుమ్మేరాత్ బాటసారి (హైదరాబాదు):

పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం సాగే జుమ్మేరాత్ బజారుకు నేను ఆరేళ్లుగా వెళ్తున్నాను. మన దేశపు కార్ఖానాల్లో తయారై, మన ఇళ్లలో ఒక తరం పాటు వాడుకలో ఉండి, ఆ తర్వాత పాత ఇనుముతో పాటు తూకానికి వచ్చేసిన సామాన్ల కోసమే నా వెతుకులాట. అలా వెతగ్గా వెతగ్గా ఒక గోద్రెజ్ టైపురైటరూ, 1942లో మన నగరంలోనే పుట్టిన ఆల్విన్ సంస్థ వాచీ ఒకటీ దొరికాయి. వాటి విషయంలో నాకు సందేహం కలగలేదు. ఈసారి కొన్నదాని విషయంలో కలిగింది.

గత గురువారం నేల మీద పరిచిన పట్టా మీద, పాత చార్జర్లూ తాళంచెవులూ కలిసిన కుప్పలో, నాకొక హెచ్‌ఎంటీ జనతా రకం చేతి వాచీ కనిపించింది. వెయ్యి చెప్పి ఏడు వందలకు ఇచ్చారు. కీ ఇవ్వగానే నడిచింది. పట్టీ తగిలించే కొమ్ముల దగ్గర పూత అరిగి లోపలి ఇత్తడి పచ్చగా బయటపడింది కనుక, ఎవరో ఏళ్ల తరబడి చేతికి పెట్టుకున్న వాచీ అని తెలుస్తూనే ఉంది. డయల్ మాత్రం నిన్ననే పెట్టెలోంచి తీసినట్టు నారింజ రంగులో మెరిసిపోతోంది. ఇంటికి వచ్చి భూతద్దం పెట్టి చూస్తే అక్షరాల అంచులు లావుగా అలుక్కుపోయి ఉన్నాయి, నిమిషాల గీతలు ఏడు అంకె దగ్గర పక్కకు జరిగాయి, ముళ్లు దిగే నడిమి రంధ్రం అంచున రంగు గడ్డకట్టి ఉంది. కార్ఖానాలో అచ్చు వేసిన డయల్‌ను ఎవరో గీకి, మళ్లీ రంగు వేశారన్నమాట.

హెచ్‌ఎంటీ 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన సంగతీ, ఆ వాచీల సంస్థను మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపిన సంగతీ ఇక్కడ చాలామందికి తెలుసు. ఆనాటి డయల్ ఇక కొత్తగా రాదు. అటువంటప్పుడు నా చేతిలో ఉన్నదాన్ని మన దేశంలో తయారైన అపురూప వస్తువుగా లెక్కపెట్టాలా, సగం నకిలీగా పక్కన పెట్టాలా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కృష్ణా తీరం (విజయవాడ):

పక్కన పెట్టాలనే నా అభిప్రాయం. వాచీకి డయలే ముఖం. ఒక కార్ఖానా ఏ అక్షరాలను ఏ రంగు మీద ఏ కొలతలో అచ్చు వేయాలని నిర్ణయించిందో, ఆ నిర్ణయం కూడా తయారీలో భాగమే. దానిని గీకేసి, తన చేతికి వచ్చిన రంగు వేసి, మళ్లీ దాని మీద అదే సంస్థ పేరు రాయడం మరమ్మతు అనిపించుకోదు.

ఇందులో జరిగే నష్టం కొన్నవారి జేబుతో ఆగిపోయేది కాదన్నదే నా అసలు బాధ. రంగు వేయడానికి ఖాళీ పలక కావాలి, ఆ పలక కోసం గీకేది ఒక అసలు డయల్‌నే. కాస్త మచ్చలు పడి, పసుపు తిరిగి, అయినా ప్రతి అక్షరమూ చదవగలిగేలా ఉన్న తెల్ల డయళ్లు నారింజ రంగుకూ కొత్తగా వేసే ఎర్ర శిలువ గుర్తుకూ బలి అవుతున్నాయి. ఇటువంటివి ఆన్‌లైన్‌లో విదేశాలకు కూడా విరివిగా అమ్ముడుపోతున్నాయి, వాటిని కొన్నవారు హెచ్‌ఎంటీ అంటే ఇలాగే ఉండేదని నమ్ముతున్నారు. మన కార్ఖానా చేసినదేమిటో రేపు చూపించడానికి మన దగ్గరే ఆనవాలు మిగలని పరిస్థితి వస్తుందేమోనని నా భయం.

రిపేరు బల్ల (గుంటూరు):

కృష్ణా తీరం గారి ఆవేదన నాకు అర్థమవుతోంది. అయినా నేను ఒప్పుకోలేను, ఎందుకంటే మా నాన్నగారు నలభై ఏళ్లు వాచీ రిపేరు బల్ల దగ్గర కూర్చున్నారు, ఇప్పుడు అదే బల్ల దగ్గర నేను కూర్చుంటున్నాను.

మా కోస్తా ఉక్క ఎటువంటిదో మీకు తెలియనిది కాదు. ఈ కీ వాచీల్లోకి చెమట దిగుతుంది, అద్దం లోపల ఆవిరి పడుతుంది, డయల్ మీది పూత పొక్కి నల్ల మచ్చలు తేలుతాయి. 1980లలో, అంటే వీటిని సేకరించేవారు ఎవరూ లేని రోజుల్లోనే, మా నాన్నగారి దగ్గరకు వాచీ తెచ్చి “డయల్ కొత్తది చేయించి పెట్టండి, అబ్బాయి కాలేజీకి పెట్టుకు వెళ్తాడు” అని అడిగినవారు ఎందరో ఉన్నారు. అప్పట్లో ఆ పని ఎవరినీ మోసగించడానికి జరగలేదు. కొత్త వాచీ కొనలేని ఇంట్లో పాత వాచీ మరో ఇరవై ఏళ్లు నడవడానికి జరిగింది. ఇత్తడి గిన్నెకు కళాయి పూయించినంత మాత్రాన అది మన అమ్మమ్మ గిన్నె కాకుండా పోతుందా?

అడిగినవారు వాచీ వెనక మూత తీయించి చూడాలని నా మనవి. డయల్ అబద్ధం చెప్పవచ్చు గాని మెషీన్ చెప్పదు. మూత తీయగానే, ఇరుసులు అరగకుండా పొదిగే పదిహేడు రాళ్లలో కొన్ని దానిమ్మ గింజల్లా ఎర్రగా కనిపిస్తాయి. ఎండిపోయిన నూనె కడిగి, సూది మొనంత కొత్త నూనె పెట్టి, కీ రెండు చుట్లు తిప్పేసరికి బ్యాలెన్స్ చక్రం ఊపిరి అందినట్టు ఊగడం మొదలుపెడుతుంది. ఎన్ని వాచీలు విప్పినా ఆ క్షణం నాకు పాతబడలేదు. మన దేశపు కార్మికుల చేతి పని అక్కడ ఉంది, దానికి రంగుతో పనిలేదు.

ఇంకొక్క మాట. మూత లోపలి వైపు కూడా చూడండి. మా వృత్తివారు సర్వీసింగ్ చేసిన ప్రతిసారీ సూదితో తేదీనో తమ గుర్తునో సన్నగా గీసి పెట్టేవారు.

గోదావరి గట్టు (రాజమండ్రి):

మా ఊరి పెన్నుల సంగతి ఇక్కడ పనికివస్తుందని చెబుతున్నాను. రత్నం గారి స్వదేశీ పెన్ను 1930లలోనే గాంధీజీ చేతికి చేరింది. మా ఊరి పాత ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) పెన్నులు ఇప్పటికీ పాత సామాన్లలో అప్పుడప్పుడు దొరుకుతాయి. నల్ల ఎబొనైట్ వెలుతురుకు పసరు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. దానిని లేతు మీద పెట్టి పట్టిస్తే మళ్లీ నిగనిగలాడుతుంది, కాని ఆ పట్టింపులో పెన్ను గొట్టం మీద చెక్కిన పేరు అరిగిపోతుంది. నాకు దొరికిన ఒక పెన్నును తెలియక అలా పట్టించి పేరు పోగొట్టుకున్నాను, ఇప్పుడది ఎవరు చేసినదో నేను నోటితో చెప్పాలే గాని పెన్ను చెప్పదు. కాబట్టి మెరుపు కోసం ఆనవాలు చెరుపుకోవద్దనే వారి వైపే నా ఓటు.

సియోటో నది (ఒహాయో, అమెరికా):

ఇక్కడ వాడిన సామాన్లు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో మా ఇంటావిడా నేనూ అమెరికాలో పోతపోసిన పాత ఇనప పెనాల కోసం వెతుకుతుంటాం, దోసెలకు వాటిని మించినవి లేవు. మా రాష్ట్రంలోని సిడ్నీ పట్టణంలో తయారైన వాగ్నర్ పెనాలకు అడుగున ఆ ఊరి పేరు పోతలోనే ఉంటుంది. అవి దొరికేటప్పుడు తుప్పుతో, మాడిన నూనె పెళ్లలతో ఉంటాయి. మేము ఆ పెళ్లలన్నీ ఊడగొట్టి, నూనె రాసి, ఓవెన్‌లో కాల్చి మళ్లీ నల్లబరుస్తాం. దానివల్ల పెనం విలువ తగ్గిందని ఇక్కడ ఎవరూ అనరు, ఎందుకంటే ఆ నలుపు కార్ఖానాది అని ఎవరూ చెప్పుకోరు. కళాయి పోలిక ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది.

అయితే ఇంకో రకం పెనాలు ఉన్నాయి. వాటి అడుగున 1891 అనీ ఒరిజినల్ అనీ అచ్చుపోసి ఉంటుంది. అది వాగ్నర్ సంస్థ పుట్టిన సంవత్సరం, పెనాలు మాత్రం నూరేళ్ల పండుగ కోసం 1991 ప్రాంతంలో పోసినవి. కార్ఖానా చేసినదే, అమెరికాలో చేసినదే, అందులో అబద్ధం లేదు. కాని దానిని నూట ముప్పై ఏళ్ల పెనం అని చెప్పి అమ్మేవారు ఉన్నారు. నేనూ మొదటిసారి అలాగే నమ్మి నలభై డాలర్లు పెట్టాను. ఈ అనుభవం తర్వాత నాకు తోచినదేమిటంటే, వస్తువు ఎంత మారిందన్నదాని కంటే, చేతులు మారేటప్పుడు ఆ మార్పును చెప్పారా దాచారా అన్నదే చూడాలి. మీ నారింజ డయల్ గురించి బజారులో ఆ అమ్మినాయన ఏమన్నాడో రాయలేదు.

కృష్ణా తీరం (విజయవాడ):

గుంటూరు వారు చెప్పిన విషయం నేను ఆలోచించలేదు. ఇంటివారు వాడుకోవడానికి చేయించుకున్న డయల్‌కూ, అమ్మకానికి గంపగుత్తగా రంగులు కొట్టిన డయల్‌కూ తేడా ఉందని ఒప్పుకుంటున్నాను. మొదటిది ఆ వాచీ జీవితంలో జరిగిన సంగతి, దానిని నేను నకిలీ అనను.

కళాయి పోలికను మాత్రం ఒప్పుకోలేను. కళాయి గిన్నె లోపల పూస్తారు. బయట చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు, “ఫలానా వారి పెళ్లికి ఫలానా వారు ఇచ్చినది” అన్న అక్షరాలు, చెక్కు చెదరకుండా ఉంటాయి. డయల్‌కు రంగు వేసేవారు సరిగ్గా ఆ పేరున్న చోటునే గీకుతున్నారు. పైగా రంగు వేసిన వాచీకి ఎక్కువ ధర పలికి, మచ్చల డయల్ వాచీ తక్కువకు పోతున్నంత కాలం, గీకుడు ఆగదు. మచ్చలున్నవే ఎక్కువ ఇచ్చి కొనడం మనలాంటివారి చేతుల్లో ఉన్న పని, నేను రెండేళ్లుగా అదే చేస్తున్నాను.

జుమ్మేరాత్ బాటసారి (హైదరాబాదు):

ఒహాయో వారు అడిగినది న్యాయమైన ప్రశ్న. అమ్మినాయన ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ గురువారం మళ్లీ వెళ్లి అడిగితే, అది పాత సామాను కొనే అబ్బాయి సంచిలో వచ్చిందనీ, అప్పటికే ఆ రంగులోనే ఉందనీ, ఇంతకు మించి తెలియదనీ చెప్పాడు. అదే పట్టా మీద మచ్చలు పడ్డ తెల్ల డయల్‌తో మరో జనతా ఉంది. నడవడం లేదు. కృష్ణా తీరం గారి మాట గుర్తుకు వచ్చి, దానిని బేరం ఆడకుండా తెచ్చుకున్నాను.

నారింజ వాచీని మా పేటలోని రిపేరు ఆయన చేత విప్పించాను. మెషీన్ హెచ్‌ఎంటీదే, కలగాపులగం కాదని ఆయన చూపించారు. ఒక్క సెకండ్ల ముల్లు మాత్రం వేరే వాచీది. డయల్ జోలికి వెళ్లవద్దని చెప్పి, నూనె వేయించి తెచ్చుకున్నాను. “డయల్ రంగు తర్వాత వేసినది, సెకండ్ల ముల్లు మార్చినది, మెషీన్ అసలుది” అని చీటీ రాసి పెట్టెలో పెట్టాను. నా తర్వాత ఇది ఎవరి చేతికి వెళ్లినా చీటీ కూడా వెళ్లాలి.

రిపేరు బల్ల గారు చెప్పినట్టే మూత లోపల మూడు గీతలు ఉన్నాయి. ఒకటి అరిగిపోయింది. రెండోది 12-3-84. మూడోది 9-11-91, దాని పక్కన తెలుగులో “కొ” అనీ, కింద “డ” అనీ గోటితో గీసినంత సన్నగా ఉంది. “డ” అంటే డయల్ మార్చినట్టు మీ వృత్తిలో గుర్తు ఏమైనా ఉందా అండీ? అలాగైతే ఈ నారింజ రంగు వయసు ముప్పై ఏళ్లు దాటినట్టే. ఫొటో ఇక్కడ పెడుతున్నాను, దయచేసి చూడండి.