మార్కులు ‘ఉత్తి’వా, ‘ఉత్తుత్తి’వా?

కృష్ణాతీరం:
రెండు రోజులుగా ఒక పద్యపాదం నోట్లో నానుతోంది. చివరికొచ్చేసరికి తెగిపోతోంది. మా మామయ్య తెలుగు పండితుడు. రాత్రి భోజనాలయ్యాక కేబుల్‌లో ‘హూజ్ లైన్ ఈజ్ ఇట్ ఎనీవే’ (అప్పటికప్పుడు అల్లి నవ్వించే ఇంగ్లీషు షో, పాయింట్లు కూడా వేస్తారు) వస్తే కుర్చీ టీవీ దగ్గరకు లాక్కుని కూర్చునేవాడు. ఇంగ్లీషు సగమే అందేది, అయినా కదిలేవాడు కాదు. "వీళ్లకీ పృచ్ఛకుడున్నాడ్రా" అనేవాడు, అవధానంలో ప్రశ్నలు వేసే ఆయనను తలుచుకుని. షో మొదలవగానే చెయ్యెత్తి ఈ పాదం చదివేవాడు:

మాట యాశువంట, మార్కులు...

ఆ చివర ‘ఉత్తి’ అన్నాడా, ‘ఉత్తుత్తివి’ అన్నాడా? నా చెవిలో రెండూ ఉన్నాయి. మామయ్య ఇప్పుడు లేడు. ఇంట్లో ఆయన పద్యాల నోటుబుక్కులు వెతికాను, ఇది వాటిలో లేదు. ఛందస్సు తెలిసినవాళ్లు చెప్పగలరా?

గణయతి:
ఛందస్సుతో ఇది తేలదండీ. ‘ఉత్తి’ అంటే మాట, యాశు, వంట, మార్కు, లుత్తి: అయిదు సూర్యగణాలు, నిక్షేపంలాంటి ఆటవెలది సరిపాదం. ‘ఉత్తుత్తివి’ అంటే మొదటి మూడూ సూర్యగణాలే, ఆ తర్వాత ర గణం, భ గణం, రెండూ ఇంద్రగణాలే. అంటే బేసిపాదం. రెండింట్లోనూ నాలుగో గణం ‘మా’తోనే మొదలవుతుంది కాబట్టి యతి చెక్కుచెదరదు. షోలో వాళ్లు పాయింట్లు అంటే మీ మామయ్య మార్కులు అన్నది కూడా ఆ ‘మా’ కోసమే. ఒంటి ‘ఉత్తుత్తి’ మాత్రం ఎటూ కుదరదు, చివర ‘వి’ ఉండి తీరాలి. ‘వి’ విన్న గుర్తుందా?

కృష్ణాతీరం:
అదే గుర్తులేదు మాస్టారూ. సరిగ్గా ఆ సమయానికి టీవీలో చప్పట్లు మోగేవి.

హనుమకొండ:
‘మార్కులుత్తి’ అని మాట్లాడేటప్పుడు ఎవరంటరు? మా దిక్కు అయితే ‘ఉత్తదే’, ‘ఉత్తగనే’. మీ దిక్కు అయినా ‘మార్కులు ఉత్తివే’ అంటరు గదా. పండితుడు అంత బోడిగ ‘ఉత్తి’ అని ఆపడు. ‘వి’ ఉన్నదే కరెక్టు అని నా అభిప్రాయం.

గణయతి:
పద్యంలో చెల్లుతుంది అన్నా. ‘మాట తీపి, మనసు చేదు’ అనమా? క్రియ లేకుండా, బహువచనం లేకుండా ఆగడం ఆటవెలదికి కొత్త కాదు.

పాతపుస్తకం:
గణాలు పక్కన పెట్టి అర్థం చూడండి. ఉత్తిది, ఉత్తుత్తిది ఒకటి కావు. "వాడు చెప్పింది ఉత్తిదే" అంటే అబద్ధం, అందులో ఏమీ లేదు. ఉత్తుత్తి అంటే అది ఆట అని ఇద్దరికీ తెలుసు, తెలిసే నిజంలా ఆడతారు. మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అరుగు మీద బొమ్మల పెళ్లి చేసేవాళ్లం. కొబ్బరాకు బూర, పసుపు దారానికి చింతగింజ తాళి. అది ఉత్తుత్తి పెళ్లి. కానీ అప్పగింతల దగ్గర మా చెల్లెలు నిజంగా ఏడ్చేది, చొక్కా తడిసేలా. ఆ ఏడుపును ఉత్తిది అంటే దానికి కోపం వచ్చేది.

కాబట్టి మీ మామయ్య చూసిన ప్రోగ్రామ్‌లో మార్కుల్ని ‘ఏమీ కావు’ అన్నారా, లేక మార్కులు ఉన్నట్టే ఆడారా? అది తెలిస్తే అక్షరం తేలుతుంది.

నైట్‌షిఫ్ట్:
న్యూజెర్సీ నుంచి. ఈ షో రెండు వెర్షన్లూ మళ్లీ మళ్లీ చూసినదాన్ని, అందుకే చెబుతున్నాను. పాతపుస్తకం గారు చెప్పిన తేడాయే బ్రిటన్‌కీ అమెరికాకీ ఉన్న తేడా.

ఇది పుట్టింది బ్రిటన్‌లో. 1988లో ముందు బీబీసీ రేడియోలో వచ్చింది, అదే ఏడాది చానెల్ 4 టీవీకి వెళ్లింది. అక్కడ 1999 దాకా నడిచింది. నడిపించినాయన క్లైవ్ ఆండర్సన్, వృత్తికి బారిస్టరు. ఒక్కో ఆట అయ్యాక ఇష్టమొచ్చినట్టు పాయింట్లు వేసేవాడు, కానీ వేసేవాడు. చివర్న ఫలానా వాళ్లు గెలిచారని ప్రకటించేవాడు. గెలిచినవాళ్లకు బహుమానం ఏమిటంటే, ఆఖర్న పడే పేర్లన్నీ ఆయన చెప్పిన శైలిలో చదవడం. ఆ లెక్కకు అర్థం లేదని అందరికీ తెలుసు, అయినా లెక్క జరుగుతుంది. అది ఉత్తుత్తి.

అమెరికాలో 1998లో ఏబీసీలో మొదలైంది, డ్రూ కేరీతో. ఆయన షో మొదట్లోనే చెప్పేస్తాడు, ఇక్కడ అంతా అప్పటికప్పుడు అల్లిందే, పాయింట్లకు విలువ లేదు అని. ఒక్కోసారి వెయ్యి పాయింట్లు ఇచ్చేస్తాడు. మధ్యలో మళ్లీ గుర్తుచేస్తాడు, పాయింట్లకు ఫలానా దానికున్నంత విలువ కూడా లేదని, ప్రతి ఎపిసోడ్‌కీ కొత్త పోలికతో. అది ఉత్తిది. 2013లో ఐషా టైలర్‌తో మళ్లీ మొదలుపెట్టినప్పుడు కూడా ఆ మాట వదల్లేదు.

షో మొదలవగానే చదివేవాడు అంటున్నారు కాబట్టి అది డ్రూ కేరీ మాటకు బదులే. నా ఓటు ‘ఉత్తి’కి.

హనుమకొండ:
ఆటల అరటిపండు అంటం గదా, మార్కులది గదే కథ. మా గల్లీల చిన్నపిల్లలను అట్లనే ఆడనిచ్చేది. వాడు అవుటైనా అవుట్ కాదు. వానికి మాత్రం అరటిపండు అన్న సంగతి తెల్వకపోవు.

పాతపుస్తకం:
చూశారా, తెలియకపోతే అరటిపండు, తెలిస్తే ఉత్తుత్తి. అరటిపండుకు చెప్పేస్తే ఆట నుంచి లేచిపోతాడు. డ్రూ కేరీ చెప్పేశాడు, అయినా ఎవరూ లేచిపోలేదు. నాకు ఆశ్చర్యం అక్కడే.

గణయతి:
నైట్‌షిఫ్ట్ గారూ, షో మొదట్లో చదవడం సాక్ష్యం కాదు. అవధానానికి ముందు కూడా ఓ పద్యం చదువుతారు, అది ఎవరికీ బదులు కాదు. కృష్ణాతీరం గారూ, టీవీలో ఎవరెవరు ఉండేవారు?

కృష్ణాతీరం:
పొడుగాయన ఒకడు, బట్టతలాయన ఒకడు. మామయ్య వాళ్లను ‘జంటకవులు’ అనేవాడు. ఒకడు మాట వదిలితే రెండోవాడు అది కిందపడనిచ్చేవాడు కాదు.

నైట్‌షిఫ్ట్:
వాళ్లు రయన్ స్టైల్స్, కాలిన్ మాక్రీ. అమ్మయ్య, అమెరికాయే అందామంటే వీల్లేదు. ఇద్దరూ ముందు బ్రిటన్ షోలోనే వెలిగారు. రయన్ 1989 నుంచి, కాలిన్ 1991 నుంచి. పైగా బ్రిటన్ వాళ్ల ఆఖరి సిరీస్ తీసింది హాలీవుడ్‌లో! వేన్ బ్రేడీ కూడా అందులో ఉన్నాడు. పియానో దగ్గర మగాయనా, ఆవిడా? బ్రిటన్‌లో చాలాకాలం రిచర్డ్ వ్రాంచ్, అమెరికాలో లారా హాల్.

కృష్ణాతీరం:
పియానో గుర్తులేదు. ఒకటి మాత్రం బాగా గుర్తుంది. నలుగురూ వరసగా నిలబడి ఒకే బాణీలో తలా నాలుగు పంక్తులు పాడేవారు, ఆఖరి ముక్క అందరూ కలిసి. మామయ్య వేళ్ల మీద ప్రాస లెక్కపెట్టేవాడు. "అంత్యప్రాస ఒక్కటే ఉంది, యతి లేదు, అయినా ఫరవాలేదు" అని మార్కులు ఆయనే వేసేవాడు.

నైట్‌షిఫ్ట్:
అది హోడౌన్. రెండు చోట్లా ఉంది, అమెరికాలో మరీ ఎక్కువ. డ్రూ కేరీ కూడా వచ్చి పాడేవాడు. రయన్‌కు అదంటే అస్సలు పడదు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. పాడే వంతు వచ్చేముందు అతని ముఖం చూడాలి, సమస్య విన్నాక మొదటి పాదం ఇంకా రాని అవధాని ముఖంలా ఉంటుంది.

పాతపుస్తకం:
అవధానం ఎత్తారు కాబట్టి చెప్పాల్సిందే. జంటకవులంటే తిరుపతి వేంకట కవులు. వాళ్ల దగ్గర మార్కులు ఉత్తివీ కావు, ఉత్తుత్తివీ కావు. మీసాలు పందెం పెట్టారు! ‘రోసము కల్గినన్ కవివరుల్ మము గెల్వుడు’ అన్నారు. గెలిస్తే ఈ మీసం తీసి మీ పాదాల దగ్గర తలలుంచి మొక్కుతాం అన్నారు. ఆశువు చెప్పేవాడికి ఓటమి అంటే అంత పట్టింపు ఉన్న రోజులవి. ఆ జంటలో ఒకరైన చెళ్లపిళ్ల వారి మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. శతావధానం అంటే వంద మంది పృచ్ఛకులు, వంద పద్యాలు పాదం పాదంగా మనసులో కట్టుకుని, చివర్న వరసగా అప్పజెప్పాలి. ఆ మీసాల పద్యం మొదట్లో ‘పెంచినార మీ మీసము’ అన్న గర్వం చూడండి.

గణయతి:
అలా విరిస్తే ‘మీ మీసం మేం పెంచాం’ అని అర్థం వస్తుందండీ. అది పెంచినారము + ఈ మీసము. ‘పెంచినారమీ మీసము’. ‘మీ’ అక్కడ మీది కాదు, వాళ్లదే.

పాతపుస్తకం:
చిన్నప్పటి నుంచీ అలాగే చదువుతున్నాను. గానంలో విరుపు అక్కడే పడుతుంది. అర్థం తెలియక కాదు.

హనుమకొండ:
ఒక్క ‘మీ’తోని మీసం ఎదుటోని మూతికి పోయింది. తెలుగుల ఒక్క అక్షరం బలం గిది. మన అసలు ప్రశ్న గూడ ఒక్క ‘త్తు’ గురించే గదా.

నైట్‌షిఫ్ట్:
మీసాల సంగతి చూస్తే బ్రిటన్ వెర్షన్ మనకు దగ్గర అనిపిస్తుంది. మొదటి సిరీసుల్లో ఒక ఆట ఉండేది. ఒక్కొక్కరు ఒక్కో రచయితను ఎంచుకుని, ఒకే కథను ఆ రచయిత శైలిలో చెప్పుకుపోవాలి. క్లైవ్ బజర్ నొక్కగానే పక్కవాళ్లు అందుకోవాలి. జాన్ సెషన్స్ దాన్లో దిట్ట. చదువుకున్నవాడి ఆట అది. అమెరికాలో చదువు మీద ఆ బరువు తగ్గింది. పరుగు పెరిగింది, ఒంటితో నవ్వించడం పెరిగింది, ఆ నలుగురి స్నేహం ముందుకొచ్చింది. టోపీలో చీటీలు వేసి, తీసిన చీటీ మీద ఎవరికి తోస్తే వాళ్లు ముందుకొచ్చి రెండు ముక్కల్లో కొట్టి వెళ్లడం అమెరికాలో బాగా ఆడిన ఆట. అదీ తక్కువది కాదు. జోసీ లారెన్స్ బ్రిటన్‌లో ఆశువుగా పాడిన పాటలు నాకెంత ఇష్టమో, ప్రేక్షకుల్లోంచి ఒకరిని కూర్చోబెట్టి వేన్ బ్రేడీ పాడినవీ అంతే ఇష్టం.

గణయతి:
మీరంతా చివరి మాట పట్టుకున్నారు. నాకు అసలు తగులుకున్నది ‘అంట’. ‘మాట ఆశువు’ అనలేదు ఆయన. ‘ఆశువంట’ అన్నాడు. తనకు నమ్మకం లేని మాటకు మనం ‘అంట’ తగిలిస్తాం. నిజంగా అప్పటికప్పుడు చెబుతున్నారా అని పండితుడికి సందేహం ఉండి ఉంటుంది.

నైట్‌షిఫ్ట్:
సందేహం పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. మాటలు అప్పటికప్పుడివే. అయితే ఎక్కువ రికార్డు చేసి, పండినవి ఏరి అరగంటకు కుదించేవారు. పండనివి మనకు కనిపించవు.

పాతపుస్తకం:
అవధాని తడబడితే సభ అంతా చూస్తుంది. దాన్ని కత్తిరించేవాడు ఉండడు. కానీ ‘అంట’ సందేహానికే అని ఎవరన్నారు? "పిల్ల ఆరేళ్లకే పాడుతుందంట!" అన్నప్పుడు సందేహమా, ముచ్చటా? రోజూ కుర్చీ లాక్కుని కూర్చున్న మనిషి అన్న ‘అంట’ ముచ్చటదే.

హనుమకొండ:
ఈ మాట బాగున్నది.

కృష్ణాతీరం:
ఇప్పుడే అత్తయ్యకు ఫోన్ చేశాను. షో పేరు చెప్పగానే "ఆ కుర్చీ గీతలు ఇప్పటికీ గచ్చు మీద ఉన్నాయి" అంది. పాదం అడిగాను. ‘మాట యాశువంట’ దాకా ఠక్కున చెప్పింది. చివర్న నాలాగే ఆగిపోయింది. కానీ కొత్త సంగతి ఒకటి: అది ఒక్క పాదం కాదట! "ఆ తర్వాత నవ్వు..." అంది.

గణయతి:
అయితే తర్వాతి పాదం ‘నవ్వు’తో మొదలవుతుంది! ‘నవ్వు’ సూర్యగణమే. అది సరిపాదం అయితే మనది బేసిపాదం, ‘ఉత్తుత్తివి’ ఖాయం. తర్వాతి పాదం ఇలా ఉండొచ్చు: ‘నవ్వు మాత్రమెపుడు నమ్మవచ్చు’. అయిదు సూర్యగణాలు, యతి నకు న.

నైట్‌షిఫ్ట్:
పాదం బాగుంది మాస్టారూ, కానీ అది మీది, మామయ్యది కాదు. పైగా బేసిపాదంలో కూడా మొదటి మూడూ సూర్యగణాలేగా? మనది రెండో పాదమై, ‘నవ్వు’ మూడో పాదం అయితే మళ్లీ ‘ఉత్తి’యే.

గణయతి:
రెండో పాదంతో ఎవరు మొదలుపెడతారండీ?

పాతపుస్తకం:
మొదటి పాదం టీవీ చప్పట్లలో కలిసిపోయి ఉండొచ్చుగా. కృష్ణాతీరం, అత్తయ్యగారిని మళ్లీ అడగండి. నవ్వు తర్వాత ఇంకొక్క మాట వచ్చినా చాలు.

కృష్ణాతీరం:
అడిగాను. అత్తయ్య నన్నే అడిగింది, "ఏ పాదం రా? ఆ తర్వాత నవ్వు అన్నాను. ఆ ముక్క చదివాక మీ మామయ్య నవ్వేవాడు కదా, ఆ నవ్వు" అని. పద్యంలో నవ్వు ఉందా లేదా అంటే, ఉన్నా ఉండొచ్చు అంటోంది. ఆదివారం వెళ్తున్నాను. బీరువా పైన ఇంకో రెండు నోటుబుక్కులు ఉన్నాయట.