నాటే రోజు జనం వస్తారు సరే, ఎండాకాలంలో ఎవరు వస్తారు?

కొత్తచిగురు:
వానలు పడగానే ఊరి బయట ఖాళీ నేలలో మొక్కలు నాటాలనుకుంటున్నాం. మా బృందంలో చాలామందికి ఇదే మొదటిసారి. నర్సరీ వాళ్లు ఎన్ని కావాలంటే అన్ని ఇస్తామంటున్నారు, వచ్చేవాళ్లకీ లోటు లేదు. ఎన్ని నాటాలన్నదే తేలడం లేదు. చేసినవాళ్లు కాస్త చెప్పరూ.

గడ్డపార:
వచ్చే జనాన్ని చూసి లెక్క వేయకండి. వచ్చే ఎండాకాలంలో ఎన్ని మొక్కలకు నీళ్లు మోయగలరో చూసుకుని అన్నే నాటండి. నాటే రోజు ఫొటోల్లో పట్టనంత మంది ఉంటారు. ఎండలు ముదిరాక బకెట్ పట్టుకునేది ఆ ఊళ్లో ఉండే ఇద్దరు ముగ్గురే.

మట్టిచేతులు:
నాటే ముందు అందరికీ ఒక మొక్క నాటి చూపించండి. నోటితో చెబితే సరిపోదు. కవర్‌తో సహా గుంతలో పెట్టేసేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. కవర్‌ను బ్లేడుతో నిలువుగా కోసి తీయాలి. కాండం పట్టుకుని లాగితే మట్టిగడ్డ విరిగి సన్న వేళ్లు తెగిపోతాయి. తీశాక ఒకసారి అడుగు చూడండి. నర్సరీలో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి. అలాగే పాతితే నేలలోనూ ఆ చుట్టలోనే తిరుగుతుంటాయి. కొన్నేళ్లు పచ్చగానే కనిపిస్తుంది, ఆ తర్వాత ఒక పెద్ద గాలికి ఒరిగిపోతుంది. చుట్టుకున్న వేళ్లను చేత్తో విడదీయండి, ముదిరినవి కత్తిరించేయండి.

ఇంకోటి లోతు. కాండం దిగి వేరు మొదలయ్యే చోటు సరిగ్గా నేల మట్టానికి ఉండాలి. గట్టిగా నిలబడుతుందని సగం కాండం పూడ్చేస్తారు, తడికి బెరడు కుళ్లుతుంది. మట్టి వేశాక కాలితో అదమాలి, గంతులు మాత్రం వేయొద్దు. (పిల్లలు వస్తే మాత్రం గంతులు తప్పవు.)

పాదు:
అందరూ నీళ్లంటారు గానీ, నేను చూసినంతలో చిన్న మొక్కను ఎక్కువగా చంపేది గడ్డి. మీరు పోసిన నీళ్లు ముందు తాగేది అదే. మొక్క చుట్టూ మీటరు వెడల్పున గడ్డిని వేళ్లతో సహా పీకేయాలి. పైపైన కోసి వదిలేస్తే మళ్లీ ఇంకా జోరుగా లేస్తుంది. ఆ జాగాలో ఎండాకులో, ఎండుగడ్డో నాలుగు వేళ్ల మందాన పరిస్తే తడి నిలుస్తుంది. కాండానికి మాత్రం తగలనివ్వకండి, ఎలుకలు చేరి బెరడు కొరుకుతాయి. నీళ్లు రోజూ గ్లాసుడు చొప్పున కాకుండా, కొన్ని రోజులకోసారి లోపలిదాకా ఇంకేలా పోయండి. అప్పుడే వేరు కిందికి దిగుతుంది.

ఎండమావి:
అసలు ఆ నేల ఖాళీదేనా? మనకు ఖాళీగా కనబడేది ఊరివాళ్లకు మేకల మేత, పొలానికి అడ్డదారి అయ్యుంటుంది. వాళ్లను అడగకుండా నాటిన చోట ఒక్క రాత్రిలో మొక్కలన్నీ మోళ్లయిపోవడం చూశాను. మేకల్ని తిట్టి ఏం లాభం? అది వాటి మేత నేల. సహజంగా గడ్డి మైదానమైతే అసలు నాటొద్దు. నేల మీద గూడు పెట్టుకునే పక్షులకు అక్కడ చెట్టు వస్తే గూడు పోయినట్టే.

పాతమోడు:
ఎండమావి గారు అన్నదానికి కొనసాగింపు. కొన్నిచోట్ల నాటాల్సిన పనే ఉండదు. ఆఫ్రికా దేశం నైజర్‌లో ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో 1980ల మొదట్లో మొక్కలు నాటించి నాటించి విసిగిపోయారు, చాలావరకు చచ్చిపోయేవి. పొలాల్లో పొదల్లా కనిపిస్తున్నవి నిజానికి నరికేసిన చెట్ల మొదళ్ల నుంచి లేస్తున్న చిగుళ్లని ఆయన గమనించారు. రైతులు వాటిలో బలమైన కొమ్మలు ఉంచి మిగతావి కత్తిరిస్తూ కాపాడుకున్నారు. అలా సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. పాత వేరు లోతుగా ఉంటుంది కదా, దానికి మనం నీళ్లు మోయక్కర్లేదు. కాబట్టి గుంతలు తవ్వేముందు ఆ నేలంతా ఓసారి నడిచి, ఎక్కడెక్కడ మోళ్లు చిగురిస్తున్నాయో గుర్తు పెట్టుకోండి.

కొత్తచిగురు:
ఇది అస్సలు తట్టలేదండీ, రేపే వెళ్లి చూస్తాం. కానీ మాకు డబ్బు సాయం చేసేవాళ్లు పెద్ద సంఖ్య అడుగుతున్నారు. అదే టెన్షన్.

గడ్డపార:
సంఖ్య ఇవ్వండి, నాటినవి కాకుండా రెండో ఏడు బతికున్నవి లెక్కబెట్టి ఇస్తామనండి. కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమంలో మహిళలకు బతికిన మొక్కకే కొద్దిపాటి డబ్బు ఇచ్చేవారు. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మీ దాతలకు ఈ ఉదాహరణ చూపించండి, కాదనడం కష్టం.

రేగడి:
గడ్డపార అన్నా, చెప్పడం తేలికే. తక్కువ మొక్కలంటే జనం మొహం చాటేస్తారు. పొద్దున్నే అంత దూరం వచ్చి తలా ఒకటి నాటి వెళ్లమంటే మళ్లీ రారు.

మట్టిచేతులు:
పని కావాలంటే బోలెడుంది రేగడి గారూ. సగం మందిని నాటడానికి పెట్టి, మిగతా సగాన్ని పాదులు చేయడానికి, ముళ్లకంప కట్టడానికి, నిరుడు పెట్టిన వాటి దగ్గర కలుపు తీయడానికి పంపండి. మొక్క చచ్చినచోట మళ్లీ పెట్టే పని మేం కొత్తవాళ్లకే ఇస్తాం. ఆ మొక్క ఎందుకు పోయిందో వాళ్లే తవ్వి చూసుకుంటారు. అలా చూసినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నారు.

కొత్తచిగురు:
ఆఖరి ప్రశ్న. ప్రతి మొక్కకూ ఊతకర్ర కట్టాలా?

పాదు:
మోకాలెత్తు మొక్కకు అక్కర్లేదు. గాలికి అటూ ఇటూ ఊగితేనే కాండం గట్టిపడుతుంది. నిలబడలేని పొడవాటి వాటికే కట్టండి, అదీ కింది భాగంలో, తాడు వదులుగా. ఏడాది తిరిగేసరికి విప్పేయండి, లేదంటే తాడు బెరడులోకి దిగిపోతుంది. విప్పే పని ఎవరిదో ఇప్పుడే పేరు రాసి పెట్టుకోండి.