టైమింగ్ బెల్టు చూడటానికి బాగుంటే మార్చాలా, వద్దా?

మిర్యాలగూడ ఇన్నోవా:
2013 మోడల్ ఇన్నోవా 2.5 డీజిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రీడింగ్ 82 వేలు. ఇంజనులో పిస్టన్లు, వాల్వుల కదలికను జత కలిపి ఉంచే పళ్ల రబ్బరు బెల్టు, అదే టైమింగ్ బెల్టు, మార్చినట్టు రికార్డు ఏదీ లేదు. మెకానిక్ కవరు సందులోంచి చూసి, పగుళ్లు లేవు, బెల్టు మార్చమని మీటరు దగ్గర హెచ్చరించే టీ-బెల్ట్ లైటు వెలిగేదాకా ఢోకా లేదన్నాడు. మా బావ ఇప్పుడే మార్చమని పట్టుబడుతున్నాడు. ఎవరి మాట వినాలి?

నకిరేకల్ ట్యాక్సీ:
మెకానిక్ మాటే వినండి. కంపెనీ బిగించిన బెల్టును లక్ష లోపు కదిలించడం కొరివితో తల గోక్కోవడమే. నకిలీ సరుకు అసలు డబ్బాలోనే వస్తోంది. ఒక్క పన్ను తప్పి బిగించినా అంతే సంగతులు.

సూర్యాపేట డీజిల్:
అన్నా, ఆ లైటు బెల్టును చూడదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది. మీటరు వెనక్కి తిప్పిన బండి అయితే? ఫంక్షన్ హాలు ముందు ఏసీ వేసుకుని గంటల తరబడి నిలబెడితే మీటరు కదలదు, బెల్టు తిరుగుతూనే ఉంటుంది. పైగా మన నల్లగొండ ఎండలు, బానెట్ కింద వేడి! బండి తిరగకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుంది. ఇంజను ఆయిలును ఆపే సీలు కారి బెల్టుకు ఆయిలు తగిలిందేమో కవరు పూర్తిగా విప్పితే గానీ తెలియదు. తెగిందా, డీజిల్ ఇంజనులో పిస్టన్లు వెళ్లి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. ఆపైన ఇంజను పైభాగం, అంటే హెడ్డు విప్పాల్సిందే. బెల్టు ఖర్చు ఆ బిల్లు ముందు ఏపాటి?

నకిరేకల్ ట్యాక్సీ:
ఎండకే పోయేదైతే మన జిల్లా ఇన్నోవాలన్నీ హైవే పక్కనే ఉండాలి. నా బండిది లక్ష దాటాక మార్చాను. పాతదాన్ని వెనక్కి వంచి చూస్తే పళ్ల మొదట్లో గీత కూడా లేదు.

సూర్యాపేట డీజిల్:
మీది మొదటి నుంచీ మీ చేతిలో ఉన్న బండి. ఆయనది చరిత్ర తెలియని బండి. రెండింటికీ ఒకటే లెక్కా?

మహబూబ్‌నగర్ గ్యారేజీ:
నకిలీ భయం నిజమే. దానికి మందు బిల్లుతో అధీకృత డీలరు దగ్గర కొనడం, మార్చకుండా కూర్చోవడం కాదు. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ బేరింగ్ కూడా కొత్తవే వేయించండి. పాత బేరింగ్ జామైతే కొత్త బెల్టయినా తెగుతుంది. బిగించాక సెల్ఫ్ కొట్టనివ్వకండి. ముందు పానాతో క్రాంకును (పిస్టన్లకు కలిపిన ఇరుసును) రెండు చుట్లు తిప్పించి, పుల్లీల మీది టైమింగ్ గుర్తులు మళ్లీ కలిశాయో లేదో దగ్గరుండి చూడండి.

మిర్యాలగూడ ఇన్నోవా:
కవరు పూర్తిగా విప్పించాను. క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) సీలు దగ్గర ఆయిలు తడి, బెల్టు అంచు నల్లగా మెత్తబడి ఉంది. సీలుతో సహా అన్నీ మార్పిస్తున్నాను.

నకిరేకల్ ట్యాక్సీ:
ఆయిలు తగిలితే నేనూ మార్చమనే అంటాను. ఎండ మాట మాత్రం ఒప్పుకోను.