ఫ్లోరెన్స్ నుంచి ఒక్క రోజులో సియెనా, సాన్ జిమిన్యానో, కియాంతి తోటలు: అమ్మతో వెళ్లొచ్చా?

సీతమ్మధార వాస్తవ్యుడు

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో మేం నలుగురం ఇటలీ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే పాప, మా అమ్మ. ఫ్లోరెన్స్‌లో నాలుగు రోజులుంటాం. అందులో ఒక రోజు చుట్టుపక్కల పాత ఊళ్లు చూసొద్దామని ఉంది. రెండు రకాల టూర్లు కనబడుతున్నాయి. ఒకటి యాభై మంది పెద్ద బస్సు. రెండోది ఎనిమిది మంది వ్యాను, డబ్బులు దాదాపు రెట్టింపు. రెండింట్లోనూ చూపించేవి అవే: మోంటెరిజోని, సాన్ జిమిన్యానో, సియెనా, మధ్యలో కియాంతిలో ఒక వైన్ తోట. పొద్దున్న బయల్దేరి రాత్రికి తిరిగి రావడం.

నా బెంగంతా అమ్మ గురించే. వయసు 67. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి, కోటలూ రాజులూ అంటే మోకాళ్ల నొప్పి కూడా మర్చిపోతుంది. కాసేపే లెండి, తర్వాత గుర్తొస్తుంది. ఒకప్పుడు సింహాచలం మెట్లెక్కేది, ఇప్పుడు కొండమీదికి బస్సే. గుడ్డు కూడా తినదు. అరకు వెళ్తుంటే అనంతగిరి మలుపుల్లో ఎప్పుడూ వాంతే.

ఇక వైన్ సంగతి. టూర్ గురించి చెప్పగానే అమ్మ అన్నమాట ఇది: "వైన్‌షాపు చూడ్డానికి ఇటలీ దాకా ఎందుకురా, జగదాంబ దగ్గర లేవా?" నేనూ పెద్దగా తాగేవాణ్ని కాను. తాగనివాళ్లు అక్కడికెళ్లి ఏం చేస్తారు? రెట్టింపు డబ్బులు దండగా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కంచరపాలెం కుర్రాడు

అన్నా, టూరే అక్కర్లేదు. నేను అక్కడే రెండేళ్లు చదువుకున్నా. ఫ్లోరెన్స్ రైల్వే స్టేషన్ పక్కనే బస్టాండు ఉంటుంది. 131 ఆర్ బస్సెక్కితే గంటంబావు, గంటన్నరలో సియెనా ఊరి మీదే దింపేస్తాడు. రైలూ ఉంది గానీ స్టేషన్ కొండ కింద ఉంటుంది, ఆంటీకి కష్టం. సాన్ జిమిన్యానోకి వెళ్లాలంటే పొజ్జిబొన్సిలో మారాలి. రెండూ ఒకే రోజు అంటే పరుగులే. ఒక్క సియెనా చూసుకుని హాయిగా వచ్చేయండి. కాకపోతే వైన్ తోటలకి బస్సులు సరిగా ఉండవు, అదొక్కటే తంటా.

ఎవరో ఒకరు కారు అద్దెకి తీసుకోమంటారు, వద్దు. ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. పైగా ఆ పాత ఊళ్ల మధ్యలో బయటి బళ్లు రాకూడని హద్దులుంటాయి, జెడ్‌టీఎల్ అంటారు. దాటితే కెమెరా ఫొటో తీసేస్తుంది. నెలల తర్వాత మనం వైజాగ్‌లో పెసరట్టు తింటుండగా జరిమానా కాగితం వస్తుంది. మా రూమ్మేట్‌కి మూడొచ్చాయి, అదీ ఒకే రోజు తిరిగినందుకు.

గాజువాక పెద్దాయన

బాబూ, నేను రెండు రకాల బళ్లూ ఎక్కాను కాబట్టి చెప్తున్నా. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి మిలాన్‌లో ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు పొదుపు చేద్దామని పెద్ద బస్సే బుక్ చెయ్యమన్నాను. గైడు పసుపు గొడుగు పైకెత్తి ముందు నడవడం, యాభై మందిమి వెనకాల గొర్రెల్లా పోవడం. సాన్ జిమిన్యానోలో యాభై నిమిషాలిచ్చారు. అక్కడ బాత్రూముకి నాణేలు వెయ్యాలి. మాతోపాటు ఇంకో రెండు బస్సులు ఒకేసారి దిగాయి. క్యూలోనే పాతిక నిమిషాలు అయిపోయాయి. తిరిగి బస్సెక్కాక మా ఆవిడ అడిగింది, "మనం చూసింది ఆ ఊరినా, ఆ ఊరి బాత్రూమునా?" అని. జవాబు చెప్పలేకపోయాను.

రెండోసారి ఎనిమిది మంది వ్యాను. అక్కడ మామూలు కారు లైసెన్సుతో డ్రైవరు కాక ఎనిమిది మందినే ఎక్కించుకోవచ్చు, అందుకే చిన్న గుంపు అంటే చాలాచోట్ల ఎనిమిదే. కానీ పాతికమందిని ఎక్కించి కూడా చిన్న గుంపనేవాళ్లున్నారు. ఎంతమందో ముందే అడిగి, రాతలో తీసుకో. ఇంకోటి, ఏ ఊళ్లో ఎన్ని నిమిషాలో అడుగు. ఊళ్ల పేర్లు ఎక్కువుంటే టూరు గొప్పదనుకోకు. ఎక్కి దిగడానికే పొద్దు గడిచిపోద్ది. రెండు ఊళ్లు, ఒక తోట, మధ్యాహ్నం కూర్చుని భోజనం ఉన్నది చూసుకో.

మోంటెరిజోని పెట్టినా పరవాలేదు, అరగంట పని. ఫ్లోరెన్స్ వాళ్లు మీదికొస్తారని సియెనా వాళ్లు 1213లో మొదలెట్టి కట్టిన కోట. చుట్టూ గోడ 570 మీటర్లే, దానికి 14 బురుజులు. లోపల ఒక బావి, ఒక చర్చి, నాలుగు కొట్లు. అయిపోయింది.

సాన్ జిమిన్యానో మాత్రం నిదానంగా చూడాలి. దూరం నుంచి చూస్తే మా ప్లాంటు చిమ్నీలే గుర్తొచ్చాయి. డబ్బున్న కుటుంబాలు ఒకరిమీద ఒకరు పోటీపడి ఇంటింటికీ రాతి గోపురం లేపారు. 72 దాకా ఉండేవట, ఇప్పుడు 14 మిగిలాయి. పక్కవాడు మూడంతస్తులేస్తే నేను నాలుగెయ్యాలనే రోగం మన ఎంవీపీ కాలనీలోనే పుట్టలేదన్నమాట. 1348లో ప్లేగొచ్చి ఊరు సగం ఖాళీ అయింది, 1353లో ఫ్లోరెన్స్ చేతికి పోయింది. ఆ తర్వాత పాతవి పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరిదగ్గరా లేదు. ఆ పేదరికమే ఊరిని నిలబెట్టింది. ఎక్కడానికి 54 మీటర్ల పెద్ద గోపురం ఉంది, అమ్మగారిని ఎక్కించకు. పాప ఎక్కుతుంది. ఈలోపు మీరు కింద బావి చౌకులో కూర్చోండి. ఆ బావి పదమూడో శతాబ్దం నాటిది. నాకు ఆ ఊళ్లో గోపురాలకంటే ఆ బావి గట్టే నచ్చింది. తాడు రాసుకుని రాసుకుని రాతి అంచు గాడులు పడిపోయింది. వేలు పెట్టి చూశా, సరిగ్గా ఇమిడింది. మా ఊళ్లో, అంటే చోడవరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, మంచినీళ్ల బావి గట్టు ఇలాగే ఉండేది. పంచాయతీవాళ్లు సిమెంటు పూసేశారు.

ఇక నీ అసలు ప్రశ్న, తాగనివాళ్లు తోటలో ఏం చేస్తారని. మా ఆవిడ చుక్క ముట్టదు, ఆ రోజంతట్లో ఆవిడకి బాగా నచ్చింది తోటే. ముందు కథ విను. కియాంతి క్లాసికో అనే అక్కడి వైన్ సీసా మెడమీద నల్లకోడి బొమ్మ ఉంటుంది. మన సంక్రాంతి బరిలో అయితే కాకి అంటాం. ఫ్లోరెన్స్, సియెనా హద్దు తగాదా తెగక, కోడి కూయగానే చెరో ఊరినుంచి ఒక్కో గుర్రపురౌతు బయల్దేరాలి, ఎక్కడ ఎదురుపడితే అదే హద్దు అనుకున్నారట. సియెనా వాళ్లు తెల్లకోడిని బాగా మేపారు, అది కడుపునిండా తిని పడుకుంది. ఫ్లోరెన్స్ వాళ్లు నల్లకోడిని మాడ్చి పెట్టారు, ఆకలికి అది తెల్లారకముందే కూసింది. వాళ్ల రౌతు సియెనా దగ్గరదాకా వచ్చేశాడు. ఇది కథ. లెక్కప్రకారం అయితే 1716లో అక్కడి ప్రభువు మూడో కోసిమో ఏ ఊళ్ల ద్రాక్ష కియాంతి అవుతుందో హద్దులు గీసి ఫర్మానా ఇచ్చాడు. మన అరకు కాఫీకి 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు లాంటిదే, వాళ్లకి మూడొందల ఏళ్ల కిందటే.

సెల్లారు లోపలికెళ్తే చల్లగా, తడిమట్టి, పులిసిన పిండి, కొత్త తలుపుచెక్క కలిపిన వాసన. మనిషికంటే ఎత్తు ఓక్ పీపాలు. పైన గాజుబిరడా పెట్టి ఎంత ఇంకిపోయిందో చూసి నింపుతుంటారు. పీపా కూడా ఊపిరి పీలుస్తుందని చెప్పింది తోట చూపించే అమ్మాయి. తర్వాత బల్లదగ్గర నాలుగు గ్లాసులు. నూటికి 80 పాళ్లకి తక్కువ కాకుండా సాంజొవేజె అనే ఎర్ర ద్రాక్షే ఉండాలట. రుచి ఏటంటే, పుల్లగా మొదలై చివర వగరు. నేరేడుపళ్లు తిన్నాక నాలుక పట్టేస్తుందే, అదే. రుచి చూసి పక్కన బకెట్‌లో ఉమ్మేయొచ్చు, అదక్కడ మర్యాదే. మా ఆవిడ మాత్రం "అంత ఖరీదుది ఉమ్మేస్తారేటి" అని నా చెవిలో గొణిగి, రొట్టెముక్క మీద ఆలివ్ నూనె పోసుకుని మూడుసార్లు తిన్నాది. గొంతులో కారంగా తగులుతుంది ఆ నూనె. గానుగ దగ్గర వేడివేడిగా పట్టుకొచ్చిన నువ్వులనూనె తర్వాత ఆవిడ మెచ్చుకున్న నూనె అదే.

సియెనా ఆఖర్న ఉంచుకో. కాంపో అనే పెద్ద చౌకు చేట ఆకారంలో కిందకి వాలి ఉంటుంది, ఇటుక నేల, తొమ్మిది భాగాలుగా ఉంటుంది. ఊరిని ఏలిన తొమ్మిదిమంది పెద్దలకి గుర్తు. అందరూ నేలమీదే కూర్చుంటారు, కాళ్లు బారజాపుకుని. మనమూ అంతే. ఏటా జులై 2న, ఆగస్టు 16న దానిచుట్టూ మట్టి పరిచి గుర్రప్పందెం పెడతారు. ఊళ్లో 17 పేటలు, నత్త పేట, తాబేలు పేట, పెద్దబాతు పేట అని. పందెం ముందు గుర్రాన్ని చర్చిలోకి తీసుకెళ్లి దీవెన ఇప్పిస్తారు. మీరెళ్లేటప్పటికి పందెం ఉండదు గానీ పేట గుర్తులు గోడలమీద కనిపిస్తాయి, పాపని వెతకమను. అమ్మగారు సోషల్ టీచరంటున్నావు, అక్కడి టౌన్‌హాల్లో 1338, 39ల్లో లోరెంజెట్టి గీసిన గోడబొమ్మలున్నాయి. మంచి పాలనలో ఊరెలా ఉంటుంది, చెడ్డ పాలనలో ఎలా ఉంటుంది అని. తెరిచి ఉంటే తప్పకుండా చూపించు.

సీతమ్మధార వాస్తవ్యుడు

పెద్దాయనగారూ, మీది అమ్మకి పైకి చదివి వినిపించాను. కోడి కథ దగ్గర నవ్వింది. మంచి పాలన, చెడ్డ పాలన దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకుని "వ్యానే బుక్ చెయ్యి" అంది. వైన్‌షాపు అనడం మానేసి ద్రాక్షతోట అంటోంది. ఇక మిగిలినవి మోకాళ్లు, తిండి, మలుపులు. అక్టోబరుకి తోటల్లో ద్రాక్ష ఉంటుందా?

భీమిలి కోడలు

మా అత్తగారిని తీసుకెళ్లాను, ఆవిడా శుద్ధ శాకాహారి. నడక సంగతి ముందు చెప్తా. సియెనాలో డ్రైవరుని ఫోంటెబ్రాండా వైపు దింపమనండి. అక్కడినుంచి పెద్ద చర్చి దగ్గరిదాకా ఎస్కలేటర్లున్నాయి. అవి లేకపోతే నిట్టనిలువు ఎక్కుడు. ఆ చర్చి పక్కన ఒక పెద్ద గోడ ఒంటరిగా నిలబడి ఉంటుంది, చూడండి. ఇంకా పెద్ద చర్చి కడదామని 1339లో మొదలెట్టి, ప్లేగు రావడంతో వదిలేశారు. మా అత్తగారు దాన్ని చూసి "మన ఫ్లైఓవరు పిల్లర్లే నయం" అన్నారు.

తిండికి బాధ లేదు, అడగాలంతే. పీచి అని లావుపాటి సేమ్యాలాంటిది దొరుకుతుంది, మామూలుగా పిండీ నీళ్లే, గుడ్డుండదు. అయినా ఒకసారి అడగండి. ఆల్ అల్యోనె అంటే వెల్లుల్లి, టమాటా. మా అత్తగారు రెండు పూటలా అదే. రిబొల్లీత అనే చిక్కుడుగింజల పులుసు బావుంటుంది గానీ కొన్నిచోట్ల పందిమాంసం ముక్క వేస్తారు. పెకొరీనో అనే గొర్రెపాల చీజ్ మాత్రం వద్దు. పాలు విరగ్గొట్టడానికి చాలాచోట్ల దూడ, గొర్రెపిల్ల లాంటివాటి పొట్టలో తీసిన పదార్థం వాడతారు. ఈ మాట నాకు తిన్నాక తెలిసింది, అత్తగారికి ఇంతవరకూ తెలీదు. తెలియనివ్వకండి. అక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు, మర్చిపోయారేమో అనుకుంటారు, కాదు, పద్ధతే అంత. మాగాయ చిన్న సీసా బ్యాగులో పెట్టుకోండి. సియెనాలో పాన్‌ఫోర్తె కొనండి. బాదం, తేనె, పాకం పట్టిన నారింజతొక్క, మసాలా కలిపిన గట్టి మిఠాయి. మాడుగుల హల్వాలా చాన్నాళ్లు నిల్వ ఉంటుంది, అంత మెత్తగా మాత్రం ఉండదు, పళ్లు జాగ్రత్త.

కియాంతి రోడ్డు మలుపులు అనంతగిరి అంత కాదు గానీ తక్కువేం కాదు. ఎనిమిది మంది వ్యానయితే ముందు సీటు అడగొచ్చు, పెద్ద బస్సులో ఎవరిస్తారు? బుక్ చేసేటప్పుడే చెప్పండి. అల్లం మురబ్బా మేం పూర్ణా మార్కెట్లో కొని పట్టుకెళ్లాం.

గాజువాక పెద్దాయన

ముందు సీటు సంగతి నేను మర్చిపోయాను, కోడలుగారు బాగా చెప్పారు.

ద్రాక్షకోత సెప్టెంబరులో మొదలై అక్టోబరు మధ్యకల్లా అయిపోద్ది. నువ్వెళ్లేసరికి తీగలమీద గుత్తులు పెద్దగా ఉండవు, ఆకులు మాత్రం రంగు మారుతూ ఉంటాయి. కానీ రసం పులుస్తూ ఉంటుంది, సెల్లారు తలుపు తియ్యగానే తెలిసిపోద్ది. పాపకి వైన్ పొయ్యరు, పద్దెనిమిది నిండాలి. రొట్టె, నూనె పెడతారు.

సీసా కొంటే ఇంటికి రెండు లీటర్ల దాకా కస్టమ్స్‌లో సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, చేతిసంచిలో కాదు, పెట్టెలో పెట్టాలి. నేను రెండు సీసాలు పాత లుంగీలో చుట్టి తెచ్చా, చుక్క కారలేదు. సీసాలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. నల్లకోడి బొమ్మున్న సీసాలో మా ఆవిడ ఇప్పుడు నువ్వులనూనె పోస్తోంది.