ఉద్దానం కథలు: నిద్ర, అచ్చు ఖర్చు, ఇంటివాళ్ల గోప్యత

ప్రశ్న (సోంపేట నుంచి):
అందరికీ నమస్కారం. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బు మీద కథలు రాస్తున్నాను. మా చిన్నాన్న డయాలసిస్‌కి పలాస వెళ్తాడు, తోడుగా వెళ్లేది నేనే. అక్కడ బెడ్ల పక్కన విన్నవే ఈ కథలు. రాత్రిపూట రాస్తే ఇక నిద్ర పట్టదు. ఫోన్ తీస్తే యుద్ధం, తుఫాను వార్తలు, టెన్షన్ ఇంకా పెరుగుతోంది.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి వంశధార తాగునీళ్ల పథకం కూడా మొదలైంది. "ఇంకా ఈ ఏడుపు కథలెందుకు?" అంటున్నారు తెలిసినవాళ్లు. నాకు బాధేస్తోంది. నీళ్లొచ్చినా, జబ్బు ముదిరినవాళ్లకి మిషన్ తప్పదు కదా! వార్తల్లో వాళ్లు కనబడటం మానేశారు, అందుకే రాస్తున్నాను.

ఒక ప్రచురణకర్త 500 కాపీలకు డబ్బంతా ముందే కట్టమంటున్నారు. పుస్తకాలు షాపులకు ఎవరు చేరుస్తారంటే జవాబు లేదు. కట్టమంటారా? చిన్నాన్న కథ ఆయన ఉండగానే అచ్చు వేయొచ్చా?

జవాబు (శ్రీకాకుళం, రిటైర్డ్ తెలుగు మాస్టారు):
కట్టకమ్మా. ముందు కథల్ని విడివిడిగా పత్రికలకు పంపు. పుస్తకం నువ్వే వేసుకోవచ్చు, 200 కాపీలు చాలు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం, రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకు. డీటీపీ చేసినవాళ్ల దగ్గర యూనికోడ్ ఫైలు తప్పకుండా తీసుకో. పాత ఫాంట్లలో ఉండిపోతే రేపు ఈ-బుక్ చేయాలన్నా తిప్పలే. అచ్చయ్యాక ఒక కాపీ మన శ్రీకాకుళంలోని కథానిలయానికి ఇవ్వు. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని కట్టింది అది. పదేళ్ల తర్వాత ఉద్దానం గురించి వెతికేవాళ్లకు నీ కథ దొరకాలి.

జవాబు (పలాస, స్టాఫ్ నర్సు):
మేడం, చిన్నాన్నగారికి చదివి వినిపించి అడగండి. పేరు మార్చినా మన దగ్గర ఊరు, కులం, తోట చెబితే ఇట్టే పోల్చేస్తారు. ఇంట్లో జబ్బుందని తెలిసి పెళ్లి సంబంధాలు వెనక్కిపోయిన ఇళ్లు ఇక్కడున్నాయి. పక్క బెడ్ల వాళ్లనీ అడగాలి, వాళ్లు మీకు కథ కోసమని చెప్పలేదు. ఇంకోమాట, జబ్బుకి కారణం ఇదేనని ఇంకా తేలలేదు. నీళ్ల వల్లే అని తేల్చి రాయకండి.

డయాలసిస్ నడిచే నాలుగు గంటల్లో నోట్సు రాసుకోండి, రాత్రి వద్దు. వార్తలు పొద్దున పేపర్లో చూస్తే చాలు. అప్పటికీ నిద్ర రాకపోతే మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

సోంపేట నుంచి:
మాస్టారూ, అక్కా, థాంక్స్. చిన్నాన్నకి చదివాను. "నా పేరుంచీ, పిల్ల ఊసు మాత్రం తీసీ" అన్నాడు. ఆ కథలో సగం ఆ పిల్ల పెళ్లి గురించే. తీసేసి మళ్లీ రాస్తాను. మిగతావాళ్లని కూడా అడుగుతాను. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ 200 కాపీలు వేసే ప్రెస్ తెలిస్తే చెప్పండి.