ఫ్లోరైడ్ సినిమా అయ్యాక మైకు ఎవరి చేతికివ్వాలి?

నార్కట్‌పల్లి పాఠకుడు (చర్చ మొదలుపెట్టినవారు)

నల్గొండలో నెలకో ఆదివారం ఒక డాక్యుమెంటరీ వేసి, అది అయ్యాక అతిథితో మాట్లాడించే కార్యక్రమం నడుస్తోందని ఇక్కడ చాలామందికి తెలుసు. నేను మొదటి నుంచీ వెళ్తున్నాను. నడిపేవాళ్లు సొంత డబ్బు పెట్టుకుని నడుపుతున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే ఈ మాట అడుగుతున్నాను.

పోయిన నెల చేనేత మీద సినిమా. సినిమా గంట లోపే, ప్రసంగం గంట పైన. అతిథి బాగా చదువుకున్నవారు. మార్కెటింగ్ గురించి, ఎగుమతుల గురించి, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలుకు 2020లో జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) రావడం గురించి వివరంగా చెప్పారు. చివర్లో ఒకమ్మాయి లేచి, నూలును నూనెలో ఎందుకు నానబెడతారు, ఆముదం కాయల బూడిద ఎందుకు కలుపుతారు అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. ఆ రుమాళ్లు నేసే పుట్టపాక నుంచి వచ్చిన నేత కార్మికుడు ఒకాయన వెనక వరసలోనే కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఇంతలో హాలు టైమ్ అయిపోయింది. నూనె, బూడిద పట్టిన నూలే ఎర్రరంగును గట్టిగా పట్టుకుంటుందని ఆయన బయట టీ కొట్టు దగ్గర ఆ అమ్మాయికి చెప్పాడు. హాల్లో ఉన్న మిగతావాళ్లకు అది అందలేదు.

వచ్చే నెల సినిమా మన జిల్లా తాగునీళ్లలో ఎక్కువై ఎముకల్ని, పళ్లను పాడుచేసే ఫ్లోరైడ్ మీద. అతిథిగా భూగర్భ శాస్త్రవేత్తను పిలుస్తున్నారని విన్నాను. మైకును మొదట, ఆ నీళ్లు తాగిన మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు మనిషికి ఇవ్వాలని నేనంటాను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. తాగునీళ్ల గోడు దేశానికి తెలియాలని జలసాధన సమితి చేసిన పని అది. బ్యాలెట్ పేపరు పుస్తకంలా తయారైంది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. 500 రూపాయల డిపాజిట్‌ను ప్రభుత్వం 10,000కు పెంచింది కూడా ఆ ఏడాదే. అప్పుడు నామినేషన్ వేసిన రైతులు కొందరైనా ఇంకా ఆ ఊళ్లలో ఉంటారు కదా. గెలవమని తెలిసీ డబ్బు కట్టి పోటీకి ఎందుకు దిగారో వాళ్ల నోటితో వినే అవకాశం ఇంకెన్నాళ్లు ఉంటుంది?

కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్)

మీ ఆవేదన అర్థమైంది, కానీ ఒప్పుకోలేను. ఫ్లోరైడ్ సంగతి అనుభవం చెబితే తెలిసేది కాదు. మనది గ్రానైట్ నేల. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ దిగుతుంది. వానలు తక్కువ, బోర్లు లోతు, అందుకే మన దగ్గర ఇంత తీవ్రం. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఇవి సరిగ్గా చెప్పే మనిషి వేదిక మీద ఉండాలి.

నా భయం ఇదీ. ఇలాంటి సభల్లో జనం అడిగే మొదటి ప్రశ్న "కాచి తాగితే పోతుందా?" అని. పోదు. నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ అలాగే మిగులుతుంది, అంటే ఇంకా చిక్కబడుతుంది. ఎవరైనా తెలియక "కాచుకుంటే మంచిదే" అన్నారనుకోండి, రెండు వందల మంది ఆ మాట ఇంటికి పట్టుకుపోతారు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టింది, నల్గొండ టెక్నిక్ అని. అది పల్లెల్లో ఎందుకు నిలబడలేదో, పటిక మోతాదు తప్పితే ఏమవుతుందో చెప్పాలంటే చదువుకున్న మనిషే కావాలి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును (ఫ్లోరోసిస్) డాక్టర్లు మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో 1937లోనే నమోదు చేశారు. ఇన్నేళ్లయినా జనానికి శాస్త్రం అందలేదు. ఉన్న ఒక్క వేదికనూ కన్నీళ్లకు వదిలేద్దామా?

చండూరు ఆడబిడ్డ

ఇద్దరికీ నమస్కారం. మాది చండూరు పక్క పల్లె. మా చిన్నాయనకు చిన్నప్పుడే మోకాళ్లు వంగిపోయినయి. అందుకే రాస్తున్నాను.

మాస్టారు గారూ, ఊరి మనిషి మాట్లాడితే కన్నీళ్లే వస్తాయని ముందే ఎందుకు అనుకున్నారు? మా చిన్నాయనకు ఏ బోరు నీళ్లు ఏ సంవత్సరం నుంచి తాగడం మానేశారో, సర్కారు ట్యాంకరు ఎన్ని రోజులకోసారి వచ్చేదో, కృష్ణా నీళ్లు వచ్చినంక ఏం మారిందో, మిషన్ భగీరథ నల్లా వచ్చినంక కూడా వంటకు బోరు నీళ్లే వాడిన ఇళ్లు ఏవో తెలుసు. అది సమాచారం కాదా? ఏ నివేదికలో దొరుకుతుంది అది?

కానీ నార్కట్‌పల్లి గారితో కూడా నాకు పేచీ ఉంది. మా ఊళ్లకు కార్లు రావడం, ఫొటోలు తీయడం కొత్త కాదు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాను. "కొంచెం నడిచి చూపించు పెద్దాయనా", "కాలు ఇటు తిప్పు", "పళ్లు చూపించు". తీసుకున్నవాళ్లలో మళ్లీ వచ్చి ఆ ఫొటో చూపించినోళ్లు లేరు. ఇప్పుడు హాల్లో స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, "మీ బాధ చెప్పండి" అని మైకు ఇస్తే అదీ ఆ ఫొటో లాంటిదే. మా ఊరి ఆడపిల్లలకు సంబంధాలు చెడిపోయింది కూడా ఈ పేరు వల్లనే. ఊరి పేరు చెప్పగానే అవతలివాళ్లు వెనక్కి పోయేవారు. ఎవరు ఎంత చెప్పుకోవాలో వాళ్లే తేల్చుకోవాలి.

ఇంకొకటి. ఆ హాలు మేడ మీద ఉంది. లిఫ్టు లేదు. ఎముకలు బిగుసుకుపోయిన మనిషిని ఫ్లోరైడ్ సినిమాకు పిలిచి మెట్లు ఎక్కమంటారా?

నిర్వాహక బృందం తరఫున

మెట్ల విషయం మాకు తట్టలేదు. కింద అంతస్తులో చిన్న గది ఉంది, అడిగి చూస్తాం.

మిగతాదానికి మా వైపు ఇబ్బందులు చెబుతాను. పోస్టరు మీద ఒక పేరు లేకపోతే జనం రారు. ఉట్టి సినిమా వేసిన నెలల్లో ముందు వరసలు కూడా నిండలేదు. పేరున్న అతిథి వస్తే పేపర్లో వార్త వస్తుంది, ఆ వార్త చూసి తర్వాతి నెల హాలు ఇస్తారు. దర్శకుల్ని పిలవడం కూడా ఇందుకే. సినిమా వేయడానికి వాళ్ల అనుమతి ఎలాగూ తీసుకోవాలి, వాళ్లే వస్తే ప్రశ్నలకు నేరుగా జవాబు దొరుకుతుంది. ఊరి నుంచి మనిషిని తీసుకురావడం, ఆయన తోడుకు వచ్చేవాళ్లు, భోజనం, తిరుగు ప్రయాణం, ఇవన్నీ చూసుకోవడానికి మేం ముగ్గురమే ఉన్నాం.

జహీరాబాద్ శ్రోత

పోస్టరు మీద పేరు గురించి ఒక మాట. మా వైపు పస్తాపూర్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాల్లోని దళిత మహిళా రైతులు ఇరవై ఏళ్లకు పైగా సినిమాలు తీస్తున్నారు. చాలామంది బడికి పోని వాళ్లు. 2001లోనే వాళ్లకంటూ కమ్యూనిటీ మీడియా ట్రస్టు వచ్చింది. 2008 నుంచి మాచునూరులో సంఘం రేడియో కూడా నడుపుతున్నారు. కెమెరాను పై నుంచి కిందికి పెట్టి తీస్తే దాన్ని వాళ్లు పటేల్ షాట్ అంటారు, దొర కూలివాళ్లను చూసినట్టు ఉంటుంది కాబట్టి. కళ్లకు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సినిమా గురించి ఇంత ఆలోచించినవాళ్లను పిలిస్తే "బాధితులు" అని ఎవరూ అనరు, "దర్శకులు" అనే అంటారు. పోస్టరు మీద వాళ్ల పేర్లు వేసుకోండి, హాలు నిండకపోతే అప్పుడు మాట్లాడదాం.

దర్శకుడు వస్తే చాలన్న మాటకు ఇంకో ఉదాహరణ. ఉత్తరప్రదేశ్‌లో దళిత మహిళలు ముందుండి నడిపే ఖబర్ లహరియా పత్రిక మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. అవార్డులకు కొద్ది రోజుల ముందు ఆ పత్రికవాళ్లే ఒక ప్రకటన ఇచ్చారు. సినిమా బాగుంది కానీ అది మా కథలో ఒక ముక్కే, మేం ఒకే పార్టీ మీద దృష్టి పెట్టినట్టు చూపడం నిజం కాదు అన్నారు. దర్శకులది చెడు ఉద్దేశమని నేననడం లేదు. తెర మీద ఉన్నవాళ్లకూ, తెర మీదికి తెచ్చినవాళ్లకూ మధ్య ఇలాంటి తేడా ఉంటుంది. హాల్లో దర్శకుడు ఒక్కడే ఉంటే ప్రేక్షకుడికి ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్)

చండూరు అమ్మాయి చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఏ బోరు ఎప్పుడు మానేశారన్నది నిజంగానే మాకు కావలసిన సమాచారం. అయినా నా మాట నాదే. నీళ్ల గురించి ఆరోగ్యపరమైన ప్రశ్న వచ్చినప్పుడు జవాబు తెలిసినవాళ్లే ఇవ్వాలి. దాని మీద రాజీ లేదు.

నార్కట్‌పల్లి పాఠకుడు

మాస్టారూ, దాని మీద నాకూ రాజీ లేదు. మీరే రండి. వేదిక మీద కాదు, ముందు వరసలో కూర్చోండి. కాచి తాగడం లాంటి ప్రశ్న రాగానే మైకు మీ దగ్గరికి వస్తుంది. శాస్త్రవేత్త ముందు గంటసేపు మాట్లాడి, మిగిలిన ఐదు నిమిషాలు ఊరి మనిషికి వదలడం మాత్రం నాకు ఇష్టం లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు. మన సభలు అలాగే నడుస్తున్నాయి. ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలు సినిమా హాళ్లలో తప్పనిసరిగా వేసిన రోజుల్లో కూడా మనల్ని ఎవరూ ఏమీ అడగలేదు, చూడమన్నారు అంతే. ఇప్పుడు మనమే నడుపుకునే కార్యక్రమంలో అదే పద్ధతి ఎందుకు?

చండూరు గారు లేవనెత్తింది నా వాదన కంటే పెద్ద విషయం. ప్రసంగం వద్దు, సంభాషణ పెడదాం. ప్రశ్నలు అడిగేది ఆ మండలం వాళ్లే అయితే ఇంకా మంచిది, మీరే అడగండి. బాధ గురించి ప్రశ్న ఉండదు, నీళ్ల గురించి, పోరాటం గురించి ఉంటాయి. వద్దనుకున్న ప్రశ్నను తోసెయ్యొచ్చని సభకు ముందే చెప్పాలి. ఫొటోలు అడిగి తీయాలి. శాలువాలు, జ్ఞాపికలు మానేస్తే ఎలాగూ ఇరవై నిమిషాలు మిగులుతాయి. శాస్త్రవేత్తకు పంపే కారు, ఇచ్చే కవరు ఊరి నుంచి వచ్చేవాళ్లకూ అంతే ఉండాలి, ఒక రోజు కూలి పోతుంది వాళ్లకు. నిర్వాహకులు ముగ్గురే అంటున్నారు, ఆ రోజు కారు, తిండి సంగతి నేను చూసుకుంటాను.

చండూరు ఆడబిడ్డ

చిన్నాయనను అడిగాను. వస్తాననలేదు, రాననలేదు. "ముందు ఆ సినిమాలో మా గురించి ఏం చెప్పిండ్రో చూడనీ" అన్నాడు. నాకు అది న్యాయంగానే అనిపించింది. నల్గొండ హాల్లో వేసేలోపే మా ఊరి పంచాయతీ ఆఫీసు దగ్గర ఒక రాత్రి వేయండి. ప్రొజెక్టరు, తెర మీవి, కరెంటు, కుర్చీలు మావి. చూసినంక ఎవరు మాట్లాడతారో, అసలు ఎవరైనా మాట్లాడతారో లేదో ఊరు చెబుతుంది. అప్పటిదాకా పోస్టరు అచ్చు వేయకండి. తేదీ చెప్పండి, సర్పంచ్‌తో నేను మాట్లాడతాను.