మెడికల్ షాపులో చేస్తున్నాను, ఫార్మసిస్టు అవ్వాలంటే ఎన్నేళ్లు పడుతుంది?

కొత్తపేట కౌంటర్, గుంటూరు:
ఇంటర్ బైపీసీ అవగానే కొత్తపేటలో మెడికల్ షాపులో చేరాను. సాయంత్రం ఓపీలు వదిలితే ఊపిరాడదు. డాక్టర్ల రాత చూడగానే మందు తీసేస్తాను, స్ట్రిప్పు కత్తిరించి కవరు మీద పొద్దున, రాత్రి అని రాసిచ్చేస్తాను. కానీ గోడకున్న ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేరే మనిషిది. ఆయన షాపుకే రాడు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే నాకు టెన్షన్.

సొంత సర్టిఫికెట్ కావాలనుంది. ఈ అనుభవం లెక్కలోకి వస్తుందా? ఒకాయన కాలేజీకి వెళ్లక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, డీఫార్మ్ (ఫార్మసీ డిప్లొమా) ఇప్పిస్తానంటున్నాడు. జీతం పోదు కదా అని మా నాన్న కూడా అటే మొగ్గుతున్నారు.

సూర్యారావుపేట ఫార్మసిస్ట్, విజయవాడ:
తమ్ముడూ, ఆయనకు రూపాయి కూడా ఇవ్వకు. డీఫార్మ్ రెగ్యులర్ కోర్సు, క్లాసులకీ ల్యాబుకీ వెళ్లాల్సిందే. కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం ఉందో లేదో చూసుకో. అది లేని చోట చదివితే ఏపీ ఫార్మసీ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అవ్వదు. అదే లేకపోతే నువ్వు మళ్లీ ఇప్పుడున్న కౌంటర్ దగ్గరే ఉంటావు.

కోర్సు 2 ఏళ్లు. పాసయ్యాక 500 గంటల ట్రైనింగ్, 3 నెలలకు తగ్గకుండా. ఇప్పటిదాకా చేసినది అందులో కలవదు. 2022లో ఎగ్జిట్ ఎగ్జామ్, అంటే కోర్సు పాసయ్యాక రిజిస్ట్రేషన్‌కు ముందు రాసే పరీక్ష, నిబంధన కూడా తెచ్చారు, చేరేముందు దాని సంగతి కనుక్కో.

బీఫార్మ్ (ఫార్మసీ డిగ్రీ) అయితే 4 ఏళ్లు, ఈఏపీసెట్ రాయాలి. డీఫార్మ్ చేసి ఈసెట్ (డిప్లొమా వాళ్ల ఎంట్రన్స్) రాస్తే నేరుగా బీఫార్మ్ రెండో ఏడాదిలో చేరొచ్చు, కానీ అప్పుడు మొత్తం 5 ఏళ్లు దాటుతుంది. షాపు పెట్టుకోవడానికైనా, ప్రభుత్వ ఫార్మసిస్ట్ గ్రేడ్-2 ఉద్యోగానికైనా డీఫార్మ్ చాలు. ఇంట్లో డబ్బు అవసరముంటే నా ఓటు దానికే. సర్టిఫికెట్ వచ్చాక అద్దెకిచ్చి ఇంట్లో కూర్చుంటే మాత్రం నీకూ ఆ గోడ మీదాయనకీ తేడా ఏముంది?

బ్రాడీపేట ఫార్మ్‌డీ:
నాది ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ), 5 ఏళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. నువ్వు షాపే పెట్టాలనుకుంటే ఇంత అక్కర్లేదు. కానీ ఏది చదివినా ఫార్మకాలజీని (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు) బట్టీ పట్టకు తమ్ముడూ. మా వార్డులో ఒకామె కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంది. నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోయాయి. కవరు మీద ‘రాత్రి 1’ అని మాత్రమే ఉంది. ఆ మందుకు వారం పేరు కూడా రాయాలి, ‘ప్రతి సోమవారం’ అని.

కొత్తపేట కౌంటర్:
అక్కా, ఆ మందు మా షాపులోనూ ఉంది. రేపటి నుంచి వారం పేరు రాస్తాను. అన్నా, పగలు కాలేజీకి వెళ్లి సాయంత్రం షాపులో చేయొచ్చా?

సూర్యారావుపేట ఫార్మసిస్ట్:
చేయొచ్చు, చాలామంది చేస్తారు. పరీక్షల నెలలో సెలవిస్తాడో లేదో మీ ఓనర్ని ఇప్పుడే అడుగు.